రెండో గొయ్యి

చర్చి పొయ్యిలో నిప్పు అంటుకుంది. డోర్కస్ పార్డీ దాని ముందు నిలబడి చేతులు కాచుకోలేదు. చీపురు తీసుకుని బల్లల వరసల మధ్య ఊడవడం మొదలుపెట్టింది. మోకాళ్లు రెండూ వాచిపోవడంతో ఒక బల్లను పట్టుకుని కాస్త ఊడ్చి, తరవాతి బల్ల మీదికి చెయ్యి మార్చుకుంటూ కదులుతోంది. కిటికీ అద్దాల నిండా మంచు పేరుకుని బయట ఏమీ కనిపించడం లేదు. వినిపిస్తోంది మాత్రం.

కొండవైపు నుంచి పార చప్పుడు. కంకర మీద ఇనుము గీసుకుంటుంది. కాసేపు ఏమీ ఉండదు. తరవాత మట్టి పడిన చప్పుడు. మళ్లీ ఇనుము.

డోర్కస్ చీపురు ఆపలేదు. పెళ్లయిన నాటినుంచీ ఆ చప్పుడు వింటూనే ఈ చర్చి ఊడ్చింది, దీపాల గాజులు తుడిచింది. ఆమె భర్త సైలస్ ఆ ఊరికి సమాధులు తవ్వేవాడు. క్రిస్మస్ వెళ్లగానే పోయాడు. ఇప్పుడు మార్చి నెల. చప్పుడు మాత్రం ఏ పొద్దునా మానలేదు. ఆమెకు భయం వెయ్యలేదు. ఆయన పనిలో ఉన్నాడనుకునేది. చప్పుడు కాస్త ఆలస్యమైన రోజునే గుండె దడదడలాడేది.

న్యూఫౌండ్‌లాండ్‌లోని ఆ తీరంలో డిసెంబరు వచ్చేసరికి నేల ఇనుములా బిగుసుకుపోతుంది. అందుకని చలికాలంలో పోబోయేవాళ్లకి ముందే, ఆకులు రాలే రోజుల్లోనే గోతులు తవ్వి, పైన చెక్క పలకలు కప్పి ఉంచాలి. ఎన్ని తవ్వాలో తేల్చేది సైలస్. ఆదివారాలు చర్చి తలుపు పక్కన నిలబడి, మెట్లెక్కేవాళ్ల పాదాల వంక చూసేవాడు. ఆయన చూపు తమ పాదాల మీద పడితే కుర్రాళ్లు కూడా చకచకా ఎక్కేసేవాళ్లు. ఎవరికోసం తవ్వావని అడిగితే, "నా నడుముకి తిక్క రేగితే తవ్వాను" అని నవ్వేవాడు.

పొడవాటి మనిషి. పెద్ద చేతులు, గోళ్లలో ఎర్రమట్టి. గొయ్యి పూర్తయ్యాక శ్మశానం ప్రహరీ మీద కూర్చుని, నీలం అంచున్న ఎనామిల్ కప్పులో వేడి టీ తాగేవాడు. వేసవిలో ఆ చేతులతోనే కాడ్ చేపలు పట్టేవాడు, పెళ్లిళ్లలో అకార్డియన్ వాయించేవాడు. డోర్కస్ తండ్రి చనిపోయినప్పుడు, గొయ్యి తవ్వి వేడినీళ్ల కోసం వాళ్ల వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. అప్పటికి మీసాలు కూడా సరిగ్గా రాలేదు. కన్నీళ్లు రాక బిగుసుకుపోయి కూర్చున్న ఆమెను చూసి, "ముందు తిను పిల్లా, ఏడుపు ఎక్కడికీ పారిపోదు" అన్నాడు. చేతులు మోచేతుల దాకా కడుక్కుని, తనే పిండి ముద్దలు వేయించి, చెరకు పాకం పోసి పెట్టాడు. రెండో ముక్క నోట్లో పెట్టుకోగానే ఆమెకు ఏడుపొచ్చింది. మరుసటి వేసవిలో అతన్నే చేసుకుంది.

నలుగురు పిల్లలు. చిన్నది ఐరీన్‌కి ఐదో ఏడు వచ్చినప్పుడు, ఆకులు రాలే రోజుల్లో సైలస్ ఒక పొట్టి గొయ్యి తవ్వాడు. "అటువైపు బండరాయి తగిలింది, డోర్కస్" అన్నాడు. ఫిబ్రవరిలో ఐరీన్‌ని అందులోనే పడుకోబెట్టారు. నిజంగా బండరాయి తగిలిందా అని ఆమె ఎప్పుడూ అడగలేదు. ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆ తరవాత ఇంట్లో మళ్లీ నవ్వులు వచ్చాయి, పాటలు వచ్చాయి, మనవలు వచ్చారు. కానీ గోతులు తవ్వే రోజుల్లో మాత్రం ఆమెకు నిద్ర పట్టేది కాదు.

కిందటి శరత్తులో ఆయన రెండు తవ్వాడు, పక్కపక్కనే. ఒకదాంట్లోకి తనే వెళ్లాడు. రెండోది పలకల కింద ఉండిపోయింది. అది ఎవరిదో ఊరందరికీ తెలిసినట్టే ఉంది. దుకాణంలో ఆమెకు దారి వదులుతున్నారు. సూప్ తెచ్చిన ఆడవాళ్లు మాట్లాడుతూ మాట్లాడుతూ ఆమె పాదాల వంక చూస్తున్నారు. డోర్కస్ కూడా పోయాక తనకు తొడగడానికని నీలం గౌను ఇస్త్రీ చేసి పైన పెట్టుకుంది. రోజూ చర్చి పని అయ్యాక కొండమీది శ్మశానానికి ఎక్కి, ఆ పలకల మీది మంచు ఊడ్చి వస్తోంది.

తలుపు కిర్రుమంది. సైలస్ పని ఇప్పుడు చేస్తున్న హెడ్లీ లోపలికి వచ్చాడు. నలభై ఏళ్లవాడు. టోపీ తీసి గుండెకు పట్టుకున్నాడు.

"అత్తా, వింటున్నావా?"

"చెవుడు మీ అమ్మకిరా, నాకు కాదు."

"రోజూ ఇంతేనా?"

"నువ్వు పొద్దున్నే పనిలోకొస్తే నీకూ తెలిసేది."

హెడ్లీ నవ్వలేదు. "ఆ రెండోది పూడ్చేద్దాం అత్తా."

"నా గొయ్యి పూడ్చడానికి నువ్వెవడివిరా?"

"నీది కాదు." అతను పొయ్యి దగ్గరికి నడిచాడు. "తవ్వేటప్పుడు నేనూ పక్కనే ఉన్నా కదా. ఎవరికి మామా అనడిగా. మొదటిది తనకేనట. రెండోది ఎవరికీ కాదట. 'ఒక్కటే తవ్వితే నాదని మీ అత్త ఇట్టే పసిగట్టేస్తుంది రా. చలికాలమంతా నిద్రపోదు' అన్నాడు."

డోర్కస్ చేతిలోని చీపురు నిలిచిపోయింది.

"ఇన్నాళ్లూ నోట్లో ఏం పెట్టుకున్నావురా?"

"చెబుదామనే వచ్చా, జనవరిలో. చర్చి గేటు దగ్గరికి రాగానే ఆ చప్పుడు వినబడింది. ఇంటికి పారిపోయా."

బయట పార మళ్లీ కంకరను గీసింది.

"పద," అంది డోర్కస్.

హెడ్లీ గుమ్మం దగ్గర పెట్టిన తన పార అందుకున్నాడు. ఆమె అతని భుజం పట్టుకుని కొండెక్కింది. వాళ్లు శ్మశానం గేటు తెరిచేసరికి చప్పుడు ఆగింది. రాత్రి కురిసిన మంచు మీద ఒక్క అడుగు జాడ లేదు. హెడ్లీ పలకలు ఒక్కొక్కటే లేపి పక్కన పెట్టి, వంగి చూసి, వెనక్కి రెండడుగులు వేశాడు.

గొయ్యి సగానికి పైగా నిండి ఉంది. పక్కన మంచు కప్పేసిన మట్టిగుట్ట ఆ మేరకు తరిగి ఉంది. లోపలి మట్టి పొడిపొడిగా, ఇప్పుడే తిరగేసినట్టు ఉంది. అంచులు పార వెనకవైపుతో తట్టి సమం చేసి ఉన్నాయి, ఐరీన్ మీద మట్టి కప్పిన రోజున సైలస్ తట్టినట్టే.

"అత్తా, వెళ్లిపోదాం," అన్నాడు హెడ్లీ.

"సగంలో వదిలేసి వెళ్తే ఆయన ఊరుకోడు. పట్టు పార."

గడ్డకట్టాల్సిన గుట్టలోకి పార పిండిలో దిగినట్టు దిగింది. హెడ్లీ పళ్లు బిగించి మట్టి తోస్తూ పోయాడు. డోర్కస్ మోకాళ్ల మీద కూలబడి, రెండు చేతులతోనూ తోసింది. మట్టి ఆమె గోళ్లలోకి ఎక్కింది. గొయ్యి నేలకు సమమయ్యాక అరచేత్తో దాన్ని తట్టి, పక్కనున్న సైలస్ సమాధి వైపు తిరిగింది.

"ఆ బండరాయి నిజమేలే," అంది మెల్లిగా. "నమ్ముతున్నా. ఇంక పడుకో."

గాలి పడిపోయింది. కింద రేవులో అలల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. ఇద్దరూ చాలాసేపు విన్నారు. పార చప్పుడు మళ్లీ రాలేదు.

హెడ్లీ ఆమెను లేవదీసి గేటు వైపు తిప్పాడు. అక్కడే, ప్రహరీ రాళ్ల మీద, నీలం అంచున్న ఎనామిల్ కప్పు ఉంది. గోడ పొడవునా మంచు చెదరకుండా పేరుకుని ఉంది. కప్పు చుట్టూ మాత్రం గుండ్రంగా కరిగి, కింది రాయి నల్లగా, తడిగా కనిపిస్తోంది.