వంకర ఉలి

...బాధ వెయ్యకపోవడం కూడా ఒక రకం బాధే అయ్యుండాలి, లేకపోతే మూడు వారాలుగా ఇదే ఆలోచన ఎందుకు, అనుకుంటూ మెట్లెక్కుతున్నాడు ఉలులు చేసే మనిషి. అక్కా బావా ఉండేది మూడో అంతస్తులో. మొదటి మలుపులో ఎవరిదో సైకిలు, రెండో మలుపులో విప్పి ఆరబెట్టిన గొడుగు. బావ ఎడమచేతి వేళ్లకి స్పర్శ పోయిందని అక్క ఫోన్లో చెప్పినప్పుడు అతను "అలాగా" అన్నాడు. ఫోన్ పెట్టేసి, సగంలో ఆపిన ఉలిని మళ్లీ సానరాయి మీద పెట్టాడు. పదును బాగానే వచ్చింది. ఆ తర్వాత తనలో ఏముందో వెతుక్కున్నాడు, తాళంచెవి కోసం జేబులన్నీ తడుముకున్నట్టు. జాలి లేదు. సంతోషం ఉందేమోనని భయపడ్డాడు, అదీ లేదు. కనీసం సంతోషమైనా ఉంటే తనని తాను తిట్టుకోవడానికి వీలుండేది.

బావ చెక్క మీద నగిషీ చెక్కుతాడు. బావ వాడే ప్రతి ఉలీ ఇతను చేసిందే. కుడిచేత్తో చెక్క సుత్తి, ఎడమచేత్తో ఉలి, ముప్పై ఏళ్లుగా అదే పని. మణికట్టు దగ్గర నరం నలిగి నలిగి, బొటనవేలూ దాని పక్క రెండు వేళ్లూ మొద్దుబారిపోయాయి. ఆపరేషన్ చేశారు. ఆలస్యంగా వచ్చారన్నారు. స్పర్శ తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నారు.

తలుపు అక్క తీసింది.

"దారి గుర్తుందన్నమాట! రెండేళ్లయింది నువ్వీ గడప తొక్కి. నేనేమన్నా దూరపు చుట్టాన్నా?"

"పనుంటోంది అక్కా."

"అవును మరి, లోకంలో ఉలులన్నీ నీ ఒక్కడి నెత్తి మీదే ఉన్నాయి. చెప్పులు అక్కడ కాదు, ఇటు విడువు."

బావ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎడమచెయ్యి మోకాలి మీద ఉంది, ఎవరో కాసేపు దాచమని ఇచ్చి వెళ్లిన వస్తువులా.

"రావోయ్ బావమరిదీ. నువ్విలా వదిలేసి వస్తే కొలిమి బెంగపెట్టుకోదూ?"

"ఎలా ఉంది చెయ్యి?"

"నాకేం తెలుసు? దాన్నే అడుగు. నాతో మాట్లాడ్డం మానేసింది."

బావ నవ్వాడు. అతనూ నవ్వినట్టు ముఖం పెట్టాడు. గోడకి నాలుగు నిలువెత్తు చెక్కలు ఆనించి ఉన్నాయి. గ్రంథాలయం తలుపుల కోసం చేస్తున్నవి. మూడింటి మీద చెక్కిన నీళ్లు. నాలుగోది బోడిగా ఉంది.

బావకి పేరు తెచ్చింది ఆ నీళ్లే. అల పైకి లేచి, విరగకుండా, మెల్లగా తనలోకి తాను తిరుగుతుంది. దానికి కారణం ఒక వంకర ఉలి. ఇరవై ఏళ్ల కిందట ఒక మధ్యాహ్నం, ఎర్రగా కాలిన ఉలిని పటకారుతో పట్టుకుని నూనెలో నిటారుగా ముంచబోతుండగా అతనికి తుమ్ము వచ్చింది. చెయ్యి వాలింది. ఉక్కు ఒక పక్క ముందుగా చల్లారి, కొస మెలితిరిగింది. పాత ఇనుములో పడేద్దామని పక్కన పెట్టాడు. ఆ సాయంత్రం వచ్చిన బావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చెప్పాపెట్టకుండా జేబులో వేసుకుపోయాడు. నెల తిరిగేసరికి చెక్క మీద నీళ్లు పారాయి.

"ఉలికి ఇలా వంపు పెట్టాలని నీకెలా తట్టిందోయ్?" అని అడిగాడు బావ, నలుగురి ముందు.

"చాలా ఆలోచించి పెట్టాను బావా," అన్నాడు అతను.

అబద్ధం ఆడుతున్నానని కూడా అప్పుడు అనిపించలేదు. నలుగురూ తన వైపు చూస్తున్న ఆ క్షణంలో ఖాళీగా ఉన్న చోట ఏదో ఒకటి పెట్టాలి కాబట్టి పెట్టాడు. తర్వాత ఏళ్ల తరబడి భోజనాల దగ్గర అదే సరదా గొడవ. "నీళ్లు నా బుర్రలోవి," అనేవాడు బావ. "నీ బుర్రలో నీళ్లకి చెక్క మీద పడే దారి చూపించింది ఎవరు?" అనేవాడు అతను. ముందు ఊహా, ముందు పనిముట్టా? అక్క పళ్లెం తెచ్చి మధ్యలో పెట్టి, "ముందు అన్నం," అనేది.

రెండేళ్ల కిందట బావ గురించి పేపర్లో వేశారు. ఫొటోలో బావ చేతిలో ఆ ఉలే ఉంది. కింద బావ అన్న మాట: నీళ్లు చిన్నప్పట్నుంచీ నా కళ్లలోనే ఉన్నాయి. ఉలి ఊసు లేదు, ఉలి చేసినవాడి ఊసు అంతకన్నా లేదు. అతనికి అన్నం సయించలేదు. తను ఆడిన అబద్ధానికి వాటా రాలేదని కుమిలిపోవడం ఏమిటని తనకే అనిపించింది. అలా అనిపించినంత మాత్రాన తగ్గలేదు. అక్కింటికి వెళ్లడం మానేశాడు. సానపెట్టిన ఉలులు గుడ్డలో చుట్టి పక్కింటివాళ్లతో పంపేవాడు.

ఆ రోజుల్లోనే ఆ వంపుని మళ్లీ తెద్దామని కూర్చున్నాడు. తనదే అయితే మళ్లీ రావాలి కదా. పదకొండు సార్లు చేశాడు. నూనె మార్చాడు, వాలు మార్చాడు. ఒకసారి, ఎవరికీ చెప్పుకోలేని పని, ముక్కులో పుల్ల పెట్టుకుని తుమ్మి మరీ ముంచాడు. కొన్ని తిన్నగా వచ్చాయి, కొన్ని పనికిరాని వంకరగా వచ్చాయి. పదకొండోది నూనెలోంచి తీసి చూసినప్పుడు లోపల ఏదో ఆగిపోయింది. నొప్పి కాదు. ఇంట్లో ఎప్పుడూ తిరిగే ఫ్యాను ఆగితే, ఆగాక గానీ అది అంతసేపూ చప్పుడు చేసిందని తెలియదు, అలా. ఇన్నేళ్లూ తనకో ఊహ ఉందనుకున్నాడు. ఉన్నది ఒక తుమ్ము.

"ఈ చేతికి పనికొచ్చేది ఏదైనా చేసిపెట్టరా," అంటోంది అక్క, బావ ఎడమచెయ్యి చూపిస్తూ. "ఆ వంకరది ఈయన పట్టలేకపోతున్నారు. అది బొటనవేలి కింద తిరగాలట."

"ఏం చెక్కుతాడో చెప్పమను, చేస్తాను."

"అది తెలిస్తే నిన్ను మూడంతస్తులు ఎక్కిస్తానా?" అన్నాడు బావ. "చేతిలో ఏదో ఒకటి పడితే గానీ నాకు తట్టదు. ముందు పనిముట్టు తీసుకురా."

"దేనికోసమో తెలియకుండా పనిముట్టు ఎలా చేస్తాను బావా? నీళ్లు చిన్నప్పట్నుంచీ కళ్లలో ఉన్నాయన్నావుగా. కళ్లకేం కాలేదుగా."

ఆ మాట ఎంత దూరం వెళ్లిందో అతనికి తెలుసు. ఎవరో పక్కగదిలో అన్న మాటలా విన్నాడు. బావ కిటికీలోంచి బయటికి చూశాడు.

"బాగుంది వరస," అంది అక్క. "పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు. మీకు పిచ్చి ఇద్దరికీ ఉంది. పెళ్లి మాత్రం ఒకరికే అయింది, నా ఖర్మ."

"వదిలెయ్యి," అన్నాడు బావ. "సోమవారం చెక్కపని శిక్షణ కేంద్రం వాళ్లు వస్తారు. ఉలులన్నీ ఇచ్చేస్తున్నాను. ఆ నాలుగో చెక్క ఇంకెవరైనా చూసుకుంటారు."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత మీ అక్క చెప్పిన కూరగాయలు తెస్తాను. సంచీ కుడిచేత్తో పట్టుకోవచ్చుగా."

అక్క మొదటి మలుపు దాకా దిగి వచ్చింది. సైకిలు దగ్గర ఆగింది.

"మొన్న వేడి గిన్నె పట్టుకున్నారు. వేళ్లు కాలుతుంటే అలాగే నిలబడి నాతో కబుర్లు చెబుతున్నారు. వాసన నాకొచ్చింది, ఆయనకి తెలీలేదు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఉలులు ఇల్లు దాటితే ఈయన మనిషిగా మిగలర్రా. నాకు తెలుసు."

"ఊఁ," అన్నాడు అతను.

ఆ రోజు శనివారం. ఆదివారం పొద్దున్న షెడ్డు తెరిచి, ఉక్కు కడ్డీ ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. దాన్ని చూస్తూ కూర్చున్నాడు. వెడల్పా, సన్నమా, గుండ్రమా, పలకా? ఇన్నేళ్లూ ఎవరో ఒకరు వచ్చి, ఫలానాది చెక్కాలి, ఫలానా ఉలి కావాలి అని చెబితే చేశాడు. ఎవరూ ఏమీ అడగని కడ్డీ ముందు కూర్చోవడం ఇదే మొదలు. కడ్డీ ఏమీ చెప్పలేదు. తనలోంచీ ఏమీ రాలేదు. రెండు గంటల తర్వాత లేచి కడ్డీని ఉన్నచోటే పెట్టేశాడు. కొలిమి అంచు పగిలి ఉంది. ఊరికే కూర్చోవడం కంటే నయమని మట్టి తడిపి కలపడం మొదలుపెట్టాడు.

తలుపు దగ్గర నీడ పడింది. బావ. కుడిచేతిలో గుడ్డచుట్ట.

"పని చెడగొట్టానా?"

"లేదు. కూర్చో."

"కూర్చోవడానికి రాలేదు. రేపు అన్నీ ఇచ్చేస్తున్నాను. ఇది మాత్రం నీది. నువ్వు ఆలోచించి పెట్టిన వంపు, ఊరివాళ్లకి ఇవ్వడానికి మనసొప్పలేదు." గుడ్డ విప్పాడు. వంకర ఉలి. పిడి నల్లగా, బావ బొటనవేలి చోట లోతుగా అరిగి ఉంది.

"బల్ల కింద పెట్టెలో పెట్టు, చేతులు మట్టిగా ఉన్నాయి."

ఆ పెట్టెలో ఏముందో మరిచిపోయి అన్నాడా? మరిచిపోయానని తర్వాత తనకి తాను చెప్పుకోబోయాడు గానీ నమ్మకం కుదరలేదు. బావ వంగి మూత తీశాడు. చాలాసేపు వంగే ఉన్నాడు. తర్వాత ఒక్కొక్క ఉలీ తీసి బల్ల మీద వరసగా పేర్చాడు.

"పదకొండు కాన్పులు!" అన్నాడు చివరికి. "ఒక్క పిల్లకీ పెద్దదాని పోలిక రాలేదేమోయ్?"

అతను మట్టి పిసుకుతున్నాడు.

"ఆలోచించే చేశావన్నావుగా. మరి ఆ ఆలోచన ఏమైంది?"

"ఆలోచన కాదు."

"మరి?"

"తుమ్మాను."

"ఏమిటి?"

"ముంచేటప్పుడు తుమ్ము వచ్చింది. వంకర పోయింది. పారేద్దామనుకున్నాను. నువ్వు పట్టుకుపోయావు."

ఇరవై ఏళ్లు మోసిన మాట. అనేశాక ఒళ్లు తేలికవుతుందని ఎప్పుడో అనుకున్నాడు. అవలేదు. మట్టి కొంచెం నీళ్లెక్కువైందని మాత్రం తెలిసింది. బావ కోప్పడతాడనుకున్నాడు. బావ పదకొండింట్లో ఒకదాన్ని అలవాటుగా ఎడమచేత్తో అందుకుని, దాని వైపూ అతని వైపూ చూశాడు.

"అంటే... ఇరవై ఏళ్లుగా నేను నీ తుమ్ము మీద బతుకుతున్నానా?"

"ఆఁ."

"ఆ పేపరువాడికి చెప్పాల్సింది! నాకు చిన్నప్పట్నుంచీ కళ్లలో నీళ్లు, మా బావమరిదికి ముక్కులో..." మాట పూర్తికాలేదు. నవ్వు ముంచుకొచ్చింది. స్టూలు మీద కూలబడి, భుజాలు అదిరేలా నవ్వాడు. నవ్వుతుండగానే చేతిలోని ఉలి జారి నేల మీద ఖంగుమంది.

బావ నవ్వు ఆపి చుట్టూ చూశాడు. "ఏం పడింది?"

అతను బావ చేతికేసి చూశాడు. బావ ఎడమచెయ్యి ఇంకా గాల్లోనే ఉంది, ఉలిని పట్టుకునే ఉన్నానని అనుకుంటూ. మూడు వేళ్లు వదులుగా, ఎవరివో అన్నట్టు ఉన్నాయి. కానీ చివరి రెండు వేళ్లు అరచేతిలోకి గట్టిగా బిగుసుకుని ఉన్నాయి. కణుపులు తెల్లబడేంత గట్టిగా. ఆ రెండూ చెయ్యవలసినదంతా చేస్తున్నాయి. వాటికి పట్టుకోవడానికి అక్కడ ఏమీ లేదు, అంతే.

ఆ చేతినుంచి చూపు తిప్పుకోలేకపోయాడు. అందులో నీళ్లూ లేవు, ఉలీ లేదు, తను ఏ పుస్తకంలోనూ చూడని పట్టు అది. దానికి ఏ పిడి చేస్తారో, ఆ పిడికి ఏ కొస అతుకుతారో, ఆ కొస చెక్క మీద ఏం గీస్తుందో తెలియదు. తెలియకపోవడం పొద్దున్నటిలాగే ఉంది. లోపలి ఫ్యాను తిరగలేదు. అయినా అతను లేచాడు. గుప్పెడు మట్టి తీసి రెండు అరచేతుల మధ్య పొడుగ్గా దొర్లించాడు.

"ఏమిటోయ్ అది?" అన్నాడు బావ.

"పట్టుకో."

"ఏం చేద్దామని?"

"తెలీదు బావా. ముందు పట్టుకో."

బావ మణికట్టు కింద తన చెయ్యి ఆనించి, అరచేతిలో మట్టి పెట్టి, ఆ చివరి రెండు వేళ్లనీ ఒకదాని తర్వాత ఒకటి దాని మీదికి మడిచాడు.