ఎర్రచుక్క పంచాయితీ

ఆ ఆగస్టు నెలలో గున్వోర్ ఇంట్లో నిలబడి రొట్టె తినాల్సి వచ్చింది. వంటింటి బల్ల మీద చోటు లేదు మరి. ఈ చివర నుంచి ఆ చివరకు తండ్రినాటి తుపాకీ పడుకుని ఉంది. దాని పక్కన అగ్గిపెట్టె అంత ఎర్రచుక్క గురి, ఆ గురిని తుపాకీకి బిగించడానికి ఇనప దిమ్మలు రెండు, ఒకటి ఎత్తుది, ఒకటి పొట్టిది. ఇంకా మరలు, పానాలు, నూనె గుడ్డలు. రోజూ ఒక దిమ్మ విప్పడం, ఇంకో దిమ్మ బిగించడం, కిటికీలోంచి అవతలి గట్టు మీది ఎండిన దేవదారుకి గురిపెట్టి చూడటం, తిట్టుకోవడం. ఆమెకి అరవై రెండేళ్లు. ఇంత అయోమయం పెళ్లిచూపుల్లో కూడా పడలేదు.

ఇదంతా వేటకోసం. గ్రోన్‌లిడెన్ ఊరి వేటదళంలో ఒక కట్టుబాటు ఉంది. సెప్టెంబరులో దుప్పుల వేట మొదలయ్యే ముందు ప్రతివాళ్లూ కాల్పుల మైదానంలో పరీక్షకు నిలబడాలి. పట్టాల మీద చెక్క దుప్పి పరుగెత్తుతుంది, దాన్ని గుండె దగ్గర కొట్టాలి. కొట్టినవాళ్లకి అడవిలో వాళ్ల కాపు, అంటే దుప్పి కోసం పొంచి కూర్చునే చోటు, వాళ్లకే. కొట్టలేనివాళ్లు కాపు వదులుకుని కెటిల్ పట్టాలి. అంటే వేట జరిగినన్నాళ్లూ మంట దగ్గర కూర్చుని, వచ్చినవాళ్లకి కాఫీ కాచి, అక్కడి అలవాటు ప్రకారం అందులో వేసుకోవడానికి జున్నుముక్కలు కోసి ఇవ్వాలి. మర్యాదైన పనే. కాకపోతే ఒకసారి కెటిల్ పట్టినవాళ్లు మళ్లీ తుపాకీ పట్టిన దాఖలా ఆ ఊళ్లో లేదు.

గున్వోర్ కాపు వాగుమలుపు. అంతకుముందు అది ఆమె తండ్రి ఆల్గోట్‌ది. ఆల్గోట్ ఒక శరదృతువులో పరీక్ష తప్పి కెటిల్ పట్టాడు. ఆ తర్వాత అతను వాగు వైపు వెళ్లగా ఎవరూ చూడలేదు. గున్వోర్‌కి ఇంకేమీ అక్కర్లేదు. ఆ మలుపులో, మంచు కరగని తెల్లవారుజామున, తన రాతి మీద తాను కూర్చోవాలి. అంతే.

పోయిన ఏడాది చిక్కు మొదలైంది. నల్లటి అడవి మీద తుపాకీ చివరి నల్లటి గురిముల్లు కనిపించడం మానేసింది. అందరూ ఎర్రచుక్క పెట్టించుకుంటున్నారు కదా అని ఆమె కూడా పెట్టించుకుంది. అద్దంలోకి చూస్తే ఎర్రగా ఒక చుక్క వెలుగుతుంది, దాన్ని దుప్పి మీద ఉంచి మీట నొక్కడమే, చంటిపిల్లలు కూడా కొట్టేస్తారని చెప్పారు. గున్వోర్ చూసింది. అద్దంలో చుక్క లేదు. అడవిలో దొరికే ఎర్రటి లింగన్ పండు కాలికింద నలిగితే ఎలా ఉంటుందో అలాంటిది ఒకటి ఉంది, ఒక పక్కకి కారుతూ.

బిగింపు సరిగా లేదనుకుంది. ఎవరైనా అలాగే అనుకుంటారు, ముఖ్యంగా ఆ ఊళ్లో. గ్రోన్‌లిడెన్‌లో మోకాళ్లు నొప్పి అని ఎవరూ అనరు, మెట్లు ఎత్తుగా కట్టారంటారు. చెవి వినపడదని అనరు, కోడలు గొణుగుతోందంటారు. ఆడలేక మద్దెల ఓడు అన్న మాట వాళ్లకోసమే పుట్టినట్టుంటుంది. అందుకని గున్వోర్ కూడా చుక్క ఎలా ఉందో ఎవరికీ చెప్పలేదు. దిమ్మ ఏది వెయ్యాలి అని మాత్రం ఊరందరినీ అడిగింది. అడిగి చెడింది.

మొదట చెప్పినవాడు మరిది సిక్స్‌టెన్. చనిపోయిన భర్తకి తమ్ముడు, ఊళ్లో అందరికంటే గట్టిగా మాట్లాడేవాడు, తుపాకుల గురించి అడక్కుండానే సలహా ఇచ్చేవాడు. తన తుపాకీ మీద దిమ్మని ఏటేటా ఎత్తు పెంచుకుంటూ పోయి, ఇప్పుడు బాతు మెడంత చేశాడు.

"ఎత్తుదే వెయ్యి వదినా. మెడ నిటారుగా నిలబెట్టి రెండు కళ్లూ తెరిచి చూడు. వంగి చూడటం నాన్నల కాలం ముచ్చట."

ఎత్తుది వేసింది. చెంప తుపాకీ కర్రకి ఆనలేదు. గడ్డం గాల్లో పెట్టుకుని, గోడమీద నుంచి పక్కింటి పెరట్లోకి తొంగిచూసినట్టు చూడాల్సి వచ్చింది. నలిగిన పండు నలిగే ఉంది.

తర్వాత దళపెద్ద హోకాన్ వచ్చాడు. అతను పొదుపు మనిషి, మాటల్లో కూడా. చెంప కర్రకి ఆనని గురి గురే కాదని, పొట్టిదే వెయ్యమని, అది తప్ప ఇంకేదీ తుపాకీ అనిపించుకోదని చెప్పి టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. పొట్టిది వేసింది. చెంప ఆనింది. పండు మాత్రం ఇంకాస్త దగ్గరగా, ఇంకాస్త నలిగి కనిపించింది.

పట్నంలో తుపాకులు బాగుచేసే టోర్వాల్డ్ దగ్గరికి పోతే అతను తలనొప్పిని రెండింతలు చేశాడు. ఎత్తూ పొట్టీ తర్వాత సంగతట, అసలు ముందుకా వెనక్కా అన్నది తేలాలట. కంటి దగ్గరికి జరిపితే చుక్క తొందరగా దొరుకుతుంది, ముందుకి గొట్టం వైపు జరిపితే చుట్టూ అడవి బాగా కనిపిస్తుంది. వెనక్కి జరపాలంటే తుపాకీకి కొత్త చిల్లులు వెయ్యాలి. ముందుకైతే అక్కర్లేదు. మరి ఏది మంచిదని అడిగితే, రెండూ మంచివేనన్నాడు. ఇలాంటి మనిషికి జనం డబ్బులిచ్చి మరీ సలహా అడుగుతారు.

ఈ ఎర్రచుక్కని మొదట బిగించిన రోజే అతను ఇంకో పని కూడా చేశాడు. తుపాకీ వెనక భాగంలో, కంటికి దగ్గరగా, ఆల్గోట్ ఎప్పుడో బిగించుకున్న ఇనప రింగు ఒకటి ఉండేది. చిన్న చిల్లున్న బిళ్ల. ఊళ్లో అందరి తుపాకులకీ వెనక గురి చూసే గాడి ఉంటే ఆల్గోట్ ఒక్కడికే ఈ రింగు. తాళంచెవి చిల్లులోంచి చూస్తాడని అందరూ ఏడిపించేవారు. అందంగా ఉందని పెట్టానయ్యా అనేవాడు ఆయన. చుక్కకి అడ్డొస్తుందని టోర్వాల్డ్ ఆ రింగు విప్పి కాగితంలో చుట్టి ఇచ్చాడు. గున్వోర్ దాన్ని గుండీల డబ్బాలో పడేసింది.

పరీక్ష ఇంకా రెండు రోజులుందనగా ఆమెకి తల ప్రాణం తోకకొచ్చింది. ఎత్తుదీ పొట్టిదీ ముందుకి బిగించి చూసింది, వెనక్కి చేత్తో పట్టుకుని చూసింది. ఎలా చూసినా చుక్క చుక్కలా లేదు. విసుగొచ్చి తుపాకీని పక్కకి వాల్చింది, చేతిలో ఊరికే. కన్ను ఇంకా అద్దం మీదే ఉంది. తుపాకీ పక్కకి పడుకుంది. పండు పడుకోలేదు. ఎటు కారుతోందో అటే కారుతోంది.

మళ్లీ నిలబెట్టింది. ఈసారి అటు పక్కకి వాల్చింది. తుపాకీ తిరుగుతోంది, మరక తిరగడం లేదు. తప్పు అద్దంలోదైతే అద్దంతోపాటు తిరగాలి కదా.

గున్వోర్ కుర్చీలో కూలబడింది. దిమ్మలు, మరలు, పానాలు అన్నీ బల్ల మీదనుంచి తనని చూసి నవ్వుతున్నట్టు అనిపించింది. నెలరోజులుగా ఊరంతా కూడి పంచాయితీ చేసింది తన కంటి గురించన్నమాట, ఊరికే తెలియదంతే. చాలా భయం వేసింది. కంటికి మరల్లేవు బిగించడానికి. వాగుమలుపు పోయినట్టే. మసిపట్టిన కెటిల్ పిడి అరచేతిలో తగిలినట్టే అయింది. కాసేపు ఏడ్చింది కూడా.

కళ్లు తుడుచుకున్నాక గట్టు మీది దేవదారు వైపు చూసింది. మసగ్గా ఉంది. అలవాటుగా గుప్పిలి సన్నగా ముడిచి, ఆ సందులోంచి చూసింది. కొమ్మలు విడివిడిగా తేలాయి. చిన్నప్పటి నుంచీ అలాగే చూస్తుంది. నాన్న చేసేవాడు, మంట దగ్గర కెటిల్ పక్కన కూర్చుని, వాగు వైపు. నాన్నని చూసి ఆమె నేర్చుకుంది.

చెయ్యి అలాగే గాల్లో ఆగిపోయింది.

తుపాకీ ఎత్తి, కంటికీ అద్దానికీ మధ్య గుప్పిలి పెట్టి, ఆ సందులోంచి చూసింది. ఎర్రగా, చిన్నగా, సూది గుచ్చితే వచ్చిన రక్తపు బొట్టంత గుండ్రంగా, చుక్క.

గుండీల డబ్బా బల్ల మీద బోర్లించింది. రింగు దొరికింది. అందంగా ఉందని పెట్టాడట. గుడ్డివాడివి కాబోతూ కూడా అబద్ధమాడావు కదయ్యా అని తండ్రిని పైకే తిట్టింది. రింగుని దాని పాత చిల్లుల్లోనే బిగించింది. ఇక పంచాయితీ దానంతటదే తేలిపోయింది. ఎత్తు దిమ్మ వేస్తే చుక్క రింగు పైనుంచి పోతుంది, పొట్టిది వేస్తే సరిగ్గా రింగు చిల్లులోకి దిగుతుంది. వెనక్కి జరిపితే రింగుకి చోటుండదు, కాబట్టి ముందుకే. చివరికి అన్ని సలహాల్లోకీ హోకాన్ చెప్పింది మొత్తం, టోర్వాల్డ్ చెప్పింది సగం పనికొచ్చాయి, చెప్పినవాళ్లకి ఎందుకో తెలియకుండానే.

పరీక్ష రోజు ఎండ కాసింది. మైదానం చివర మంట, మంట మీద కెటిల్, బెంచీల మీద దళం. గున్వోర్ తుపాకీ చూసి మొదట నవ్వింది సిక్స్‌టెనే. అంత ఖరీదైన గురి కొని దానికి తాళంచెవి చిల్లు తగిలించిందని, రోల్స్ కారుకి ఎద్దుని కట్టినట్టుందని అందరికీ వినిపించేలా చెప్పాడు. గున్వోర్ వెళ్లి గీత దగ్గర నిలబడింది. చెక్క దుప్పి పొదలోంచి బయటకొచ్చింది. చెంప కర్రకి ఆనింది, చుక్క దుప్పి భుజం వెనక కూర్చుంది, దానితోపాటు పరుగెత్తింది. వెళ్లి చూసినవాళ్లు ఆమె గుళ్లన్నీ ఒక అరచేతితో కప్పొచ్చని వచ్చి చెప్పారు.

తర్వాత సిక్స్‌టెన్ నిలబడ్డాడు. బాతుమెడ దిమ్మ, నిటారు మెడ. మొదటి గుండు దుప్పి వెనక మట్టిలో తగిలింది. రెండోది కాలికి. మిగతావి ఎక్కడికి పోయాయో ఎవరూ అడగలేదు. గాలి తోసిందని ఒకరన్నారు. పట్టాలు వదులయ్యాయని ఇంకొకరన్నారు. చెట్ల మీద ఆకు కదలడం లేదు. సిక్స్‌టెన్ తుపాకీని బెంచీకి ఆనించి, మంట వైపు నడిచి, కెటిల్ పక్కనున్న దుంగ మీద కూర్చున్నాడు. అంత గట్టిగా మాట్లాడే మనిషి జున్ను కోయడం మొదలెట్టాడు.

హోకాన్ ఈలోగా గున్వోర్ తుపాకీని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు.

"ఈ రింగెందుకు మళ్లీ?"

"అందంగా ఉందని," అంది గున్వోర్. నోట్లోంచి అదే వచ్చింది.

హోకాన్ తలూపాడు. ఆ ఊళ్లో ఆ జవాబు చాలు. వాగుమలుపు ఆమెదే, ఇక ఎవరూ ఏమీ అడగరు. చూపు సరిలేదని తెలిస్తే మాత్రం హోకాన్ ఏం చేస్తాడో ఆమెకి తెలియదు. తెలియని చోట నోరు మూసుకోవడం తండ్రి నేర్పిన విద్య. కానీ మంట దగ్గర మరిది వంగిన వీపు కనిపిస్తోంది. సరిగ్గా ఆల్గోట్ కూర్చున్న దుంగ అది.

"కాదు," అంది. "నా కన్ను చెడింది హోకాన్. ఉత్తగా చూస్తే నాకు చుక్క కనపడదు, నలిగిన పండులాంటి మరక కనపడుతుంది. ఈ చిల్లులోంచి చూస్తేనే గుండ్రంగా ఉంటుంది. నాన్నకీ ఇదే రోగం. ఆయన చెప్పలేదు, నేను చెప్తున్నా."

ఎవరో ప్యాంటు వేసుకోకుండా సంతకొచ్చినట్టు అందరూ నేలచూపులు చూశారు.

సిక్స్‌టెన్ చాకు కింద పెట్టి లేచొచ్చాడు. హోకాన్ చేతిలోంచి తుపాకీ అందుకుని, మెడ వంచి, చెంప ఆనించి, చిల్లులోంచి చూశాడు. చాలాసేపు చూశాడు. తుపాకీ దించినప్పుడు అతని గొంతు ఎవరికీ పరిచయం లేనంత చిన్నగా ఉంది.

"ఇది గుండ్రంగా ఉండాలా వదినా? నేను కొన్న రోజు నుంచీ తోక ఉంది దానికి. అందరికీ అంతేననుకున్నా."

గున్వోర్‌కి నవ్వొచ్చింది, నవ్వలేకపోయింది. అతని భుజం మీద చెయ్యేసింది.

"ఇటివ్వు," అన్నాడు హోకాన్, ఎవరి వైపూ చూడకుండా. "నన్నూ ఒకసారి చూడనీ."

అతను చూస్తుంటే బెంచీల మీదనుంచి ఒకరి వెనక ఒకరు లేచొచ్చి నిలబడ్డారు. మంట మీద కెటిల్ పొంగి బొగ్గుల మీద పడింది. దాన్ని దించడానికి ఎవరూ వెళ్లలేదు.