పదకొండు మంది వరహాలు

నా సొంత ఊరు బందరు దగ్గర. మా వైపు పేరు ముందు ఇంటిపేరు అక్షరం ఒకటి తగిలిస్తే చాలు, మనిషి ఎవరో తెలిసిపోతుంది. గురునాథరావు అంటే మా వీధి మొత్తానికీ నేనొక్కణ్ణే. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. నేను చేసిన పాపం అక్కడే మొదలైంది.

1986లో గాజువాక అవతల ఉదయాచల ట్యూబ్స్ అనే ఇనుప గొట్టాల ఫ్యాక్టరీలో, కంప్యూటర్ గదిలో, నాకు ఉద్యోగం. ఫ్యాక్టరీ కోసం నాలుగు ఊళ్ల పొలాలు తీసుకున్నారు. పొలం పోయిన ఇంటికో ఉద్యోగం ఇస్తామన్నారు. ఆ ఇళ్ల తాలూకు పేర్లు, రెండు వేల పైచిలుకు, మా మెషీన్లోకి ఎక్కించారు. పేరున్నవాడు మార్చి ముప్ఫై ఒకటిలోగా ఎంక్వయిరీ కిటికీ దగ్గరకొచ్చి సంతకం పెట్టాలి. పెట్టకపోతే ఆ ఉద్యోగం మీద ఆశ వదులుకోవాల్సిందే.

కిటికీలో త్రినాథరావు కూర్చునేవాడు. ఆనందపురం మనిషి, నోరు మంచిది, తెలిసినవాణ్ణీ తెలియనివాణ్ణీ బావా అంటాడు. నన్నూ అనేవాడు. నీకు నేను బావనెలా అయ్యానయ్యా అని మొదట్లో విసుక్కున్నాను. మీ బెజవాడోళ్లకి చుట్టరికాలు కూడా కాగితం మీద ఉండాలి కాబోలని నవ్వేశాడు. అతని ముందు ఒక టెర్మినల్ పెట్టాం. నల్లటి తెర, ఆకుపచ్చ అక్షరాలు, అడ్డంగా ఎనభై అక్షరాలు, నిలువుగా ఇరవై నాలుగు వరుసలు. జాబితాను అందులో పేజీ పేజీగా చూపించే ప్రోగ్రాము నేను రాశాను.

దాని సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. కింద రెండు వరుసలు సూచనలకు వదిలేస్తే, తెర మీద ఇరవై రెండు వరుసలు మిగులుతాయి. అందుకని ప్రోగ్రాము ఫైల్లోంచి ఇరవై రెండు లైన్లు తీసుకుని, ఒక్కో వరుసలో ఒక్కో లైను చూపించి, మీట నొక్కగానే ఇరవై మూడో లైను నుంచి మొదలుపెట్టేది. మా స్టాఫు జాబితా పెట్టి పరీక్షించాను. కె.వి. రమణ, జి. శేషగిరి, అన్నీ బెత్తెడు పేర్లు. గడియారంలా నడిచింది. నా అంత మొనగాడు విశాఖపట్నంలో లేడనుకున్నాను.

ఇక్కడి పద్ధతి నాకేం తెలుసు? ఈ ఊళ్లలో సింహాద్రి అప్పన్నకు మొక్కుకుని కన్న పిల్లలకు వరహాలు అని పేరు పెట్టుకుంటారు. ఒక్క నీలమ్మపేటలోనే పదకొండు మంది వరహాలు. ఏ వరహాలో తేలాలంటే తండ్రి పేరు, తాత పేరు, వీధి, ఊళ్లో పిలిచే పేరు కూడా రాయాలి. ఊరి పాత మునసబు అలాగే రాసిచ్చాడు, మావాళ్లు అలాగే ఎక్కించారు. ఆ లైన్లు ఎనభై అక్షరాలు దాటేవి. దాటిన ముక్క తెర మీద కింది వరుసలోకి దిగేది. అది నాకు తెలియక కాదు, కళ్లారా చూశాను. చూడ్డానికి బాగోలేదనుకున్నాను, అంతే.

జనవరి మొదట్లో ఒక సోమవారం నీలమ్మపేట నుంచి ఒక వరహాలు వచ్చాడు. జోగులు కొడుకు. పాతికేళ్లుంటాయి. కంప్యూటర్ గదిలోకి మేం చెప్పులు విప్పి వెళ్లడం చూసి, అతను బయట కిటికీ దగ్గరే చెప్పులు విప్పి నిలబడేవాడు. త్రినాథరావు పేజీలు తిప్పి, ఏడుగురు వరహాలున్నారు గానీ జోగులు కొడుకు లేడన్నాడు. ఆ మనిషి సరేనని వెళ్లాడు. మళ్లీ సోమవారం వచ్చాడు. ఆ తర్వాత సోమవారమూ వచ్చాడు.

"మా ఈదిలో అందరి పేర్లూ ఉన్నాయి బాబూ. మా అయ్య రెండెకరాలూ ఇచ్చీసినాడు. నా పేరు నేకపోడమేటి? మల్లీ ఓపాలి సూడు," అనేవాడు.

త్రినాథరావు మళ్లీ చూసేవాడు. మళ్లీ లేదు. కూలికి పోకుండా పూట పోగొట్టుకుని రావడం, అదే మాట విని పోవడం. పెళ్లాం నీళ్లోసుకుందని, ఇంట్లో ముసలాడికి దగ్గు తగ్గట్లేదని, ఈ ఉద్యోగం రాకపోతే పొలమూ లేక కూలీ సరిగా దొరక్క చచ్చిపోతామని త్రినాథరావుతో చెప్పుకునేవాడు. కిటికీ వెనకే మా కంప్యూటర్ గది, మధ్యలో అద్దం. ఆ అద్దం వెనక నాకు అన్నీ వినిపించేవి. ఎద్దు పుండు కాకికి ముద్దా? నాకు పని చెడుతోందనే చిరాకు తప్ప మరేమీ లేదు.

ఫిబ్రవరి చివర్లో త్రినాథరావు నా దగ్గరకొచ్చాడు.

"బావా, ఈ వరహాలు గొడవ తేలట్లేదు. జాబితా ఓపాలి కాయితం మీద కొట్టించీ. వేలెట్టి సూసి సెప్పీస్తాను."

ప్రింటు తియ్యడానికి గంట పట్టేది. అంతకన్నా, కాగితం అక్కర్లేకుండా చేశానని గొప్పలు చెప్పుకున్నవాణ్ణి నేను. నా ప్రోగ్రాము మీద నమ్మకం లేకపోతే ఆ కుర్చీలో ఎందుకు కూర్చున్నావని కసిరాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్న రకం నేను. అతను చిన్నబుచ్చుకుని వెళ్లిపోయాడు. ఆ కోపంలోనే బయటికొచ్చి, కిటికీ దగ్గరున్న వరహాలుతో ఒక మాటన్నాను. ఆ మాట తలుచుకుంటే ఈ వయసులో కూడా చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

"చూడవయ్యా, మెషీన్ అబద్ధం చెప్పదు. చెబితే మనుషులే చెబుతారు," అన్నాను.

అతను నన్నూ, త్రినాథరావునూ మార్చి మార్చి చూసి, తలూపి వెళ్లాడు. అయినా సోమవారాలు మానలేదు. మార్చి ముప్ఫై ఒకటి కూడా సోమవారమే. ఆ రోజు సాయంత్రం కిటికీ మూసేదాకా మెట్ల మీదే కూర్చున్నాడు.

గడువు దాటిన నాలుగో రోజు. తెరను ఒక్కో లైను చొప్పున జరిపే మీట కూడా ఉంటే బాగుంటుందని మా మేనేజరు నరసింహమూర్తి గారన్నారు. రాసి, ఆ జాబితా మీదే నొక్కి చూశాను. వరహాలుల పేజీ. పైనున్న పొడుగు లైను ఒకటి తప్పుకోగానే, కింద ఎప్పుడూ చూడని వరహాలు ఒకడు వచ్చాడు. మళ్లీ నొక్కాను. మరో వరహాలు వచ్చాడు. జోగులు కొడుకు, సన్యాసి మనవడు, తూర్పు వీధి.

అప్పుడు తెలిసింది. పొడుగు లైను రెండు వరుసలు తింటే, నా ప్రోగ్రాము దాన్ని ఒకటిగానే లెక్కేసింది. తెర నిండిపోయి కింద పట్టని పేర్లను చూపించేశాననుకుని, తర్వాతి పేజీకి పోయింది. ఒకే పేరువాళ్లు జాబితాలో ఒకేచోట ఉంటారు, పొడుగు లైన్లూ అక్కడే ఉంటాయి. పదకొండు మంది వరహాలుల్లో చివరి నలుగురు ఏ పేజీలోనూ లేరు. మొత్తం జాబితా వెతికితే అలాంటివాళ్లు పంతొమ్మిది మంది తేలారు. తక్కినవాళ్లు ఒకసారి అడిగి, పెద్దాఫీసు లేదంటే లేదనుకుని పోయినట్టున్నారు.

నరసింహమూర్తి గారి దగ్గరకు పరిగెత్తాను. ఆయన తలుపు వేసి మెల్లగా మాట్లాడారు. మిగిలిన ఉద్యోగాలు అప్పుడే ఎవరెవరికో రాసేశారట. సంతకాలు పెట్టనివాళ్లు గడువులోగా రాలేదని హెడ్డాఫీసుకు కాగితం వెళ్లిపోయిందట. ఇప్పుడు తప్పు మనదంటే నాలుగు ఊళ్ల జనం గేటు మీదికొస్తారు, నీ ఉద్యోగం పోతుంది, నాదీ పోతుందన్నారు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందన్నారు. నాకు అప్పటికి పెళ్లయి ఆరునెలలు. ప్రోగ్రాము సరిచేశాను. ఏ లైను ఎన్ని వరుసలు తీసుకుందో చూసుకుని, అన్నీ చూపించాకే పేజీ తిప్పేలా మార్చాను. అరగంట పని. ఎవరికీ చెప్పలేదు.

వరహాలు ఇక రాడనుకున్నాను. ఆ సోమవారం కూడా వచ్చాడు. చెప్పులు విప్పి, ఓపాలి సూడు బాబూ అన్నాడు. అలవాటు కొద్దీ త్రినాథరావు పేజీలు తిప్పాడు. ఒక్కసారిగా కుర్చీలోంచి లేచాడు.

"ఉందిరా! జోగులు కొడుకు వరహాలు, తూర్పీది. నీ పేరుందిరా!"

వరహాలు రెండు చేతులూ కిటికీ ఊచల మీద వేశాడు. ఆ ముఖంలోని సంతోషం అద్దంలోంచి నాకు బాగా కనిపించింది. అంతలో త్రినాథరావు సంతకాల రిజిస్టరు తీశాడు. ఆ పేరు మీద వేలు పెట్టి చదివాడు. గడువులోగా హాజరు కాలేదు అని రాసి ఉందని చెప్పాడు.

"నాను రానేదా బాబూ?" అన్నాడు వరహాలు.

త్రినాథరావు నా వైపు తిరిగాడు.

"బావా, ఈ పేరు ముందు నుంచీ మెసీన్లో ఉందేటి?"

చెప్పడానికి అదే సమయం. నోరు తెరిస్తే చాలు. తేలు కుట్టిన దొంగలా నిలబడి, "ఉంది," అన్నాను. ఫైల్లో ఉన్న మాట నిజమే కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

వరహాలు త్రినాథరావునే చూశాడు. కేకలు వెయ్యలేదు.

"మెసీను అబద్ధం సెప్పదని ఆ బాబు అప్పుడే అన్నాడు. ఇన్ని సోమారాలు నా మొకంలోకి సూసి, నేదనీసినావు నువ్వు," అన్నాడు.

చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

ఆ సాయంత్రం త్రినాథరావు టీ కూడా తాగలేదు. నా కళ్లకేటైంది బావా, ఎదురుగా ఉన్న పేరు కనబడలేదేటి అని పదిసార్లు అడిగాడు. మర్నాడు పెద్దాసుపత్రికి వెళ్లి కళ్లద్దాలు రాయించుకొచ్చాడు. డాక్టరు చూపు బాగానే ఉందన్నా వినలేదట. ఆ తర్వాత కిటికీకి ఎవరొచ్చినా ప్రతి పేజీ మూడుసార్లు చూసేవాడు. రిటైరయ్యేదాకా నన్ను బావా అనే పిలిచాడు.