కొంగు మీద గ్రహణం

దీపావళి మర్నాడు పొద్దున్నే సూర్యగ్రహణం. మునిలక్ష్మికి ఏడో నెల. అత్త దేవకమ్మ ఆమెకు తెల్లవారకముందే తలస్నానం చేయించి, పడమటి గోడ వారగా ఉన్న టేకు మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టింది. కిటికీకి గోనెపట్టా కట్టింది. తలుపు సందుల్లో పాతచీర పేలికలు కూరింది. తనూ లోపలే ఉండి గడియ పెట్టుకుంది.

"కాళ్ళు ముడవాకు. గోక్కోవాకు. కదలాకు."

"ఊపిరన్నా పీల్చుకోవచ్చునా అత్తా?"

"నోరు గూడా కదలాకు."

కదలకుండా ఉండటమొక్కటే మునిలక్ష్మికి రాని విద్య. తక్కిన విద్యలన్నిటి వెంటా పడింది. తొమ్మిదో తరగతి సగంలో బడి మాన్పించి పెళ్ళి చేశారు గానీ, మొగుడు మునికృష్ణ బస్సు కండక్టరు కావడం ఆమెకు కలిసొచ్చింది. ప్రయాణికులు సీట్లలో వదిలేసిన పత్రికలు అతను సంచిలో వేసుకొచ్చేవాడు. కార్వేటినగరం మీదుగా తిరుత్తణి పోయే బస్సుల బోర్డులు చూసి అరవ అక్షరాలు కూడబలుక్కుంది. ఆవుకు నాలుగు పొట్టలెందుకని పశువుల డాక్టరును వీధిలో నిలబెట్టి అడిగింది. రేడియో వెనక మూత విప్పి, మళ్ళీ బిగించాక ఒక మర మిగిలిపోతే, అది ఎక్కడిదో తేలేదాకా అన్నం సహించలేదు. పొయ్యి మీద పాలు పొంగుతుంటే చదరంగం ఎత్తు ఆలోచించేది. ఎత్తు దొరికేలోపు తోకచుక్క గుర్తొచ్చేది. ఏదీ చివరిదాకా తెలిసేది కాదు. 'తరువాయి' ఉన్న పేజీ ఎప్పుడూ చిరిగిపోయే ఉండేది.

"మా కోడలికి అన్నీ సగమే వచ్చు. ఆ సగమే మా కొంపకు ఎక్కువ," అని దేవకమ్మ ఇరుగుపొరుగుతో అనేది.

గ్రహణం గురించీ సగమే చదివింది. చీకటి గదిలోకి చిన్న బొక్క గుండా ఎండ పడితే, అవతల గోడ మీద సూర్యుడి బొమ్మే పడుతుందట. గ్రహణంనాడైతే కొరికిన సూర్యుడు పడతాడట. గ్రహణానికీ కడుపులో బిడ్డకూ ఏ సంబంధమూ లేదని కూడా అందులోనే రాశారు. మునిలక్ష్మి రాసినాయన పేరు చూసింది. మగవాడు. ఆయన ఎన్నడూ కడుపు మోసి ఉండడు. వీధి చివరి ఆదిమూలం కూతురు పైపెదవి చీలి పుట్టింది. తాగిన పాలు ముక్కులోంచి వచ్చేవి. ఆ పిల్ల తల్లి గ్రహణం వేళ వంకాయలు తరిగిందని ఊరంతా అన్నారు. పత్రిక ఒకటి చెబుతుంది, ఊరు ఒకటి చెబుతుంది. మునిలక్ష్మి పొద్దున లేస్తే ఇటు నమ్మేది, పొద్దుగూకితే అటు నమ్మేది.

వీధిలో మనిషి అలికిడి లేదు. వీపు కింద చెమట పట్టింది. గోక్కోవాలనిపించింది. అరికాలు జిలపెట్టింది. అప్పుడు చూసింది. తన కాళ్ళకు పైగా, గోడ మీద, రూపాయి బిళ్ళంత వెలుగు మచ్చ. తలుపు పైభాగాన పాత గొళ్ళెం పీకేసిన చోట బొక్క ఉంది. దేవకమ్మ కంటికి అది ఆనలేదు.

మచ్చ గుండ్రంగా లేదు. ఒక పక్క లోపలికి కొరికేసినట్టు ఉంది.

"అత్తా! గోడ!"

"ఏంది, జెర్రా?"

"సూర్యుడు."

దేవకమ్మ లేచి, తలుపు వంక చూసి, మళ్ళీ గోడ వంక చూసింది. "ఓరి నా తల్లో! ఇన్ని పేలికలు కూరితే ఇది యాన్నించి వచ్చింది మే?"

"ఆ బొక్కలోంచి. నువ్వు ఇంత చీకటి చేస్తేనే కనపడతా ఉండాడు."

"నా మీదికే తోస్తావా!" ఆమె ఎగిరి బొక్క మూయబోయింది. అందలేదు. ముక్కాలిపీట బయట వసారాలో ఉంది. గ్రహణం విడిచేదాకా గడియ తీయకూడదు. తిరిగొచ్చేసరికి మచ్చ గోడ మీద రవంత కిందికి దిగింది. "కదలతా ఉండాదే!"

"పొద్దు పైకెక్కే కొద్దీ అది కిందికి దిగుతాది."

"దిగి యాడికి పోతాది?"

మునిలక్ష్మి లెక్క చూసుకుంది. గోడ, మంచం, తను. "నా మీదికే," అంది.

"లెయ్యి! లెయ్యి మే!"

మునిలక్ష్మి మోచేతుల మీద లేవబోయింది.

"వద్దొద్దు, ముడుచుకుంటా ఉండావు, పండుకో!"

"ఏదో ఒకటి చెప్పు అత్తా!"

"మంచం జరపాలంటే నలుగురు మగోళ్ళు కావాల. నువ్వేమో బండగుండు మాదిరి దాని మీదుండావు."

"ఏం కాదులే. బిడ్డకు సంబంధం లేదని రాసుండారు."

"అట్లయితే నీ చెయ్యి యాల కడుపు పట్టుకోనుండాది?"

చెయ్యి తనకు తెలియకుండానే కడుపు మీదికి పోయి ఉంది. తీద్దామనుకుంది. తీయలేకపోయింది. చూడాలని ఉంది, ఇన్నాళ్ళ సగాల్లో ఒక్కటన్నా తన కళ్ళతో చూడాలని. ఆదిమూలం కూతురి పెదవీ కళ్ళముందే ఉంది. మచ్చ దుప్పటి అంచు తాకింది.

దేవకమ్మ మంచానికీ తలుపుకూ నడుమ నిలబడింది. వెలిసిపోయిన నేతచీర కొంగు విప్పి, రెండు చేతులతో తెరలా ఎత్తి పట్టింది. "గుడ్డ అడ్డముంటే దోసం తగలదు. కండ్లు మూసుకో నువ్వు. నేను సూసి చెప్తాలే."

మునిలక్ష్మి కళ్ళు మూసుకుంది. "పడిందా కొంగు మీద?"

"పడింది. తోలుబొమ్మలాట తెర మాదిరి ఉండాది."

"ఎంత కొరికినాడు?"

"సగానికి పైన. ఎలక కొరికిన వడ మాదిరి."

"ఏ పక్క?"

"కింద పక్క."

"కిందనా? సరిగ్గా చూడత్తా, బొక్కలోంచి వస్తే తలకిందులుగా పడాల. అంటే ఆడ పైన కొరికినట్టు."

"ఆడా ఈడా అంటే నాకేం తెలుసే! ఈడ కింద." దేవకమ్మ కొంగు మీదికి ముఖం వంచింది. తర్వాత గొంతు తగ్గించింది. "మే... అంచు వణకతా ఉండాది. ఇంతింత పక్కకు జరిగె. ఒకటే మాదిరి లేదే ఇది. ఎట్ల చెప్పేది నీకు!"

"రంగు?"

"యాడ చెప్పేదే దాని రంగు!"

మునిలక్ష్మి కాళ్ళు చాపుకునే ఉన్నా వేళ్ళన్నీ కదులుతున్నాయి. కడుపు మీది చేతిని ఇంకొంచెం వెడల్పుగా పరిచి కళ్ళు తెరిచింది. పలచటి కొంగులోంచి, నూలు పోగుల మధ్య, వంకర వెలుగు ఇవతలికి కనపడుతోంది.

దేవకమ్మ కోడలి కళ్ళు తెరిచి ఉండటం చూసింది. వెలుగు కొంగు మీదే ఉండేట్టు చూసుకుని, మునిలక్ష్మికి మెడ తిప్పకుండా కనపడేలా దాన్ని జానెడు మంచం వైపు జరిపి పట్టుకుంది.