మైలవరం దగ్గర ఆగిన అంబాసిడర్

ఆ కాగితం చూడగానే నాకు చిర్రెత్తుకొచ్చింది. విజయవాడలో పాత కార్ల ప్రదర్శన పెడుతున్నారట. బండి పక్కన ఒక అట్ట నిలబెట్టి, ఆ బండితో ఆ కుటుంబానికి ఉన్న తీపి జ్ఞాపకాలు దాని మీద రాయాలట. అదీ ఇరవై వరసల్లో! సోమయాజులు పంతులుగారి అంబాసిడర్‌ని పాతికేళ్ళు నడిపినవాణ్ణి నేను. ఇరవై వరసలు దాని హారన్ గురించి చెప్పడానికే చాలవు.

"నువ్వు చెప్పు బాబాయ్, నేను రాస్తాను," అంది శర్వాణి.

శర్వాణి పంతులుగారికి ఒక్కతే కూతురు. ఇక్కడే తిరువూరు కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఏభై ఏళ్ళొచ్చినా నా కళ్ళకి ఇంకా చిన్నపిల్లే. బండిని ప్రదర్శనకి పంపుదామని సరదాపడింది మాత్రం పంతులుగారు. ఎనభై ఆరేళ్ళ మనిషి, వరండాలో పడక్కుర్చీలో కూర్చుని, నేను వాకిట్లో బండి తుడుస్తుంటే చూస్తున్నారు. నాకూ డెబ్భై దాటాయి. అయినా ఆ బండి మీద ఇంకొకడు చెయ్యి వేస్తే ఊరుకోను.

సరే, చెప్పాను. లెక్కల మాస్టారు రెండెకరాలు అమ్మి కారు కొన్నాడని ఊరు ఊరంతా ముక్కున వేలేసుకున్న సంగతి చెప్పాను. గేరు స్టీరింగు పక్కనే ఉండేది కాబట్టి ముందు సీట్లో ముగ్గురు దర్జాగా పట్టేవారని చెప్పాను. వేసవిలో రెడ్డిగూడెం తోటల నుంచి డిక్కీ నిండా మామిడిపళ్ళు తెస్తే, శ్రావణమాసం దాకా బండిలో ఆ వాసన పోయేది కాదు.

"వినగడప పెళ్ళికి పదకొండుమందిని ఎక్కించాను. పదకొండు! రాసుకో," అన్నాను.

"పన్నెండు బాబాయ్. నేను అమ్మ ఒళ్ళో ఉన్నాను."

"నువ్వూ ఒక మనిషివేనా అప్పుడు?"

శర్వాణి నవ్వింది. వాళ్ళమ్మ రమాసుందరమ్మగారి నవ్వే. ఆవిడ దారిలో పులిహోర విప్పితే మొదటి పొట్లం నాకే ఇచ్చేవారు. భర్తకి కూడా ఆ తరవాతే. అలాంటి తల్లిని నేను మళ్ళీ చూడలేదు. ఆ మాటా రాయమన్నాను.

రాయలేదు. కలం ఆపేసింది.

"తీపి జ్ఞాపకాలని అబద్ధం రాయలేను బాబాయ్. ఈ కార్లోనే మా అమ్మని చంపుకున్నాను."

నా చేతిలో గుడ్డ ఆగిపోయింది. "అవేం మాటలమ్మా?"

"నువ్వే కదా నడిపావు. నీకు తెలీదా?"

ముప్పై నాలుగేళ్ళ కిందటి మాట అది. ఇంక లాభం లేదని విజయవాడ డాక్టర్లు చెప్పేశారు. కన్నుమూసేది ఇంట్లోనే కావాలని అమ్మగారి కోరిక. తిరువూరు తిరిగి తీసుకొస్తుంటే వెనక సీట్లో పంతులుగారి ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్నారు. పదహారేళ్ళ శర్వాణి ముందు, నా పక్కన కూర్చుంది. మైలవరం దగ్గర కడుపులో తిప్పుతోంది, ఆపమంది. ఆపాను. సోడా తాగింది. తీరా బయల్దేరదామంటే బండి అరగంట కదల్లేదు. తిరువూరులో ఇంటిముందు ఆపేసరికి అమ్మగారిలో ప్రాణం లేదు.

"నేను ఆపమనకపోతే బండి చెడేది కాదు. ఆ అరగంట మిగిలుంటే అమ్మ ఇల్లు చూసి పోయేది. ఇన్నేళ్ళలో నేను మళ్ళీ ఈ బండెక్కడం చూశావా?"

ఓరి దేవుడా! ఎండనకా వాననకా స్కూటర్ మీదే తిరుగుతుంటే, తల్లి గుర్తొస్తుందని బండెక్కడం లేదనుకున్నాం. పిచ్చిపిల్ల ఇంత బరువు మోస్తోందని నాకు తెలీదు. తెలిస్తే ఏనాడో చెప్పేవాణ్ణి. వరండాలో పంతులుగారికి వినపడకూడదని గొంతు తగ్గించాను.

"శర్వాణమ్మా, ఆ రోజు బండి చెడలేదు."

ఆమె తలెత్తింది.

"అమ్మగారు మైలవరం రాకముందే, కొండపల్లి దాటగానే పోయారు. అద్దంలో చూశాను. నాన్నగారు తులసినీళ్ళు పోస్తే లోపలికి దిగలేదు, పెదవి పక్కనుంచి కారిపోయాయి. ఆయన కండువాతో తుడిచి మళ్ళీ పోశారు. మళ్ళీ కారిపోయాయి. ఆయనకింకా తెలీలేదనుకున్నాను. ఇల్లు చేరేదాకా అమ్మగారు ప్రాణంతో ఉన్నారన్న తృప్తయినా ఆయనకి మిగలాలని నోరు మూసుకున్నాను. మైలవరం వచ్చేసరికి నా చేతులు స్టీరింగు మీద నిలవడం లేదు. నువ్వు ఆపమన్నావు, బతికాననుకున్నాను. బానెట్ ఎత్తి దాని వెనక నిలబడి ఏడ్చాను. కార్బురేటర్లో చెత్త పడిందని అబద్ధం చెప్పాను. ఆ అరగంట నాదమ్మా. నీది కాదు."



"వీరరాఘవా," అని వరండాలోంచి పిలిచారు పంతులుగారు. విన్నారన్నమాట. వెళ్ళి ఆయన కుర్చీ పక్కన నిలబడ్డాను. నా వెనకే శర్వాణి వచ్చింది.

"నాకు తెలుసురా," అన్నారు.

"ఏం తెలుసండి?"

"కొండపల్లి దగ్గరే చెయ్యి చల్లబడింది. నాడి కూడా చూశాను. నీకు తెలిస్తే బండి నడపలేవని నీళ్ళు పోస్తూనే కూర్చున్నాను. బండి నిజంగానే చెడిందనుకున్నాను కానీ, నువ్వు ఏడుస్తున్నావని నాకేం తెలుసు!"

చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ, ఆ క్షణాన నాకు ప్రాణం తేలికపడింది. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. ఒకరి కోసం ఒకరం ఇన్నేళ్ళు దాచుకున్నామని ఇద్దరికీ కళ్ళనీళ్ళు తిరిగాయి. పక్కన ఆ పిల్ల ఉందన్న సంగతే మరిచిపోయాం. ఆ రోజు కూడా అంతే.

"నాకెందుకు చెప్పలేదు నాన్నా?" అంది శర్వాణి.

పంతులుగారు ఆమె వైపు తిరిగారు. "చిన్నదానివి తల్లీ. ముందు సీట్లో ఉన్నావు. తెలిస్తే భయపడతావని..."

"భయపడితే ఆ ఒక్క పూట భయపడేదాన్ని నాన్నా."

ఆయన లేవబోయి, లేవలేక, కుర్చీలోంచే రెండు చేతులూ చాపారు. శర్వాణి వెంటనే దగ్గరికి వెళ్ళలేదు. చాలాసేపు అక్కడే నిలబడింది.