పరుపులాయన నిద్ర

పొద్దున లేవగానే పరుపులమ్మాయి ముందు దుకాణం కిటికీలు తీసేది. తరవాత ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుని, ఎవరో బాగుకిచ్చిన పాత పరుపు విప్పి, గడ్డకట్టిన దూదిని బెత్తంతో కొట్టేది. యాభైకి దగ్గరపడ్డా, కూతురికి పెళ్ళి చేసి పంపినా, ఊరందరికీ ఆవిడ ఇంకా పరుపులమ్మాయే. ఎందుకంటే వాళ్ళ నాన్న, పరుపులాయన, ఇంకా ఉన్నాడు. ఉన్నాడంటే, చలికాలం మొదట్లో పోయాడు, ఎండలు ముదిరినా ఇంకా ఇంట్లోనే ఉన్నాడు.

ఆ ఊళ్ళో పోయినవాళ్ళు మట్టిలో పెట్టేదాకా ఇంట్లోనే మసులుతారు. ఒళ్ళు చల్లగా ఉంటుంది, తిండీ నిద్రా ఉండవు, తమంతట తాము గడప దాటలేరు. అంతే తేడా. మామూలుగా అది ఒక పూట వ్యవహారం. తాళంచెవులు ఎక్కడున్నాయో చెప్పి, పిల్లలకి నాలుగు చీవాట్లు పెట్టి, సాయంత్రానికి నలుగురి భుజాల మీద శ్మశానానికి వెళతారు. ఒంటి మీద మట్టి పడగానే నిద్ర ముంచుకొస్తుంది. ఆ తరవాత ఇక వాళ్ళుండరు. పరుపులాయనకి ఆ మట్టే దొరకలేదు.

శ్మశానం ఒకప్పుడు మునిసిపాలిటీది. పోయినవాడు ఎవడైనా సరే, గొయ్యి తవ్వేవాళ్ళు. తరవాత ఒక ఏడాది, నిర్వహణ భారంగా ఉందని చెప్పి, కౌన్సిలు దానికి అడ్డంగా గోడ కట్టింది. ఒక సగం పై వీధి మందిరానికి, ఇంకో సగం కింది వీధి మందిరానికి ఇచ్చేసింది. ఊరు సంతోషించింది. గేట్లు వచ్చాయి, గోడకి రంగులొచ్చాయి, పూలమొక్కలొచ్చాయి. ఏ మందిరంలోనూ పేరు లేనివాడి సంగతేమిటని ఆ రోజు సభలో లేచి అడిగినవాడు పరుపులాయన ఒక్కడే.

"నువ్వు పోయినప్పుడు చూద్దాంలే," అని సభ్యులు నవ్వారు. ఆయనా నవ్వాడు.

నమ్మకం లేకపోవడం ఆయనకి పెద్ద సిద్ధాంతమేమీ కాదు. "కొందరికి పాట రాదు, కొందరికి ఈత రాదు. నాకు మొక్కడం రాదు," అనేవాడు. మొక్కేవాళ్ళంటే కోపమూ లేదు. రెండు మందిరాల గురువులకీ పరుపులు కుట్టింది ఆయనే. వాళ్ళూ ఆయన పరుపు మీదే హాయిగా గుర్రుపెట్టేవాళ్ళు.

ఆయన పోయిన వారంలో పరుపులమ్మాయి, ఇంట్లో మేనత్తని కూర్చోబెట్టి, మునిసిపాలిటీ ఆఫీసుకి వెళ్ళింది.

"మాకు అందరూ సమానమేనమ్మా," అన్నాడు ఆఫీసరు. "అందుకే టేపు పెట్టి కొలిచి చెరో సగం ఇచ్చాం. మీ నాన్నగారు ఏ సగం?"

"ఏ సగమూ కాదండీ."

"మూడో సగం లేదు కదమ్మా!"

"పోనీ మా పెరట్లోనే పెట్టుకుంటాను."

"అమ్మో! ఇళ్ళ మధ్య గొయ్యి తవ్వడం నేరం. కేసవుతుంది." ఆఫీసరు గొంతు తగ్గించి, "గురువుగారి దగ్గరికి వెళ్ళండి. ఆయన ముద్ర వేస్తే పోయినట్టు మేం రాసుకుంటాం. ముద్ర లేకపోతే మా లెక్కలో మీ నాన్నగారు బతికున్నట్టే," అన్నాడు.

అంతలో గంట మోగింది. ప్రార్థన వేళట. గుమాస్తాలు, బంట్రోతులు, నీటి పన్ను కట్టడానికి వచ్చినవాళ్ళు, అందరూ లేచి చేతులు జోడించారు. పరుపులమ్మాయికి కూర్చోవాలో నిలబడాలో తెలియలేదు. సగం లేచి, కుర్చీ చెయ్యి పట్టుకుని, ఆ ప్రార్థన అయ్యేదాకా అలాగే వంగి ఉండిపోయింది.

ఇంటికొచ్చేసరికి వీధి మొదట్లోకే తండ్రి కేకలు వినిపించాయి. మట్టికి చేరని మనిషిని అయినవాళ్ళు వదిలివెళితే కంగారు పడతాడు. కిటికీ ఊచలు పట్టుకుని, ఎప్పుడో పోయిన భార్యని పేరు పెట్టి పిలుస్తున్నాడు. మేనత్త ఒక మూల చెవులు మూసుకుని కూర్చుంది.

"ఇంకోసారి నన్ను ఒంటరిగా కూర్చోమనకే," అంది. "నువ్వు కనబడకపోతే అన్నయ్య అన్నయ్యలా లేడు."

ఆ రోజు నుంచి పరుపులమ్మాయి వీధి చివర దాటలేదు.

మొదట్లో కాలం బాగానే గడిచింది. పరుపులాయన స్టూలు మీద కూర్చుని దిండ్లు కుట్టేవాడు, కూతురి కుట్లకి వంకలు పెట్టేవాడు. దుకాణానికి వచ్చినవాళ్ళు "ఇంకా బయల్దేరలేదా?" అని పలకరిస్తే, "దారి చూపించండి, ఇప్పుడే వెళతా," అనేవాడు. పోనుపోను ఆయన అలిసిపోయాడు. పోయినవాళ్ళకి నిద్ర రాదు. రాకపోయినా, కావాలని మాత్రం ఉంటుంది. దుకాణంలో ఉన్న ప్రతి పరుపు మీదా పడుకుని చూశాడు. మెత్తటిది, గట్టిది, జంట పరుపు, పసిపిల్లల పరుపు కూడా. కాళ్ళు బయటికి పెట్టుకుని ఆ చిన్న పరుపు మీద ముడుచుకున్న తండ్రిని చూసి ఆవిడ వంటింట్లోకి వెళ్ళి నోట్లో కొంగు కుక్కుకుంది.

"ఊరందరినీ నిద్రపుచ్చాను కదమ్మా," అన్నాడు ఒక మధ్యాహ్నం. "నాకెందుకు రాదు?"

నదికి దిగువన, లాంచీ మీద ఒక పగలు ప్రయాణం చేస్తే వచ్చే ఊళ్ళో ఆవిడ కూతురు ఉంటుంది. నెలలు నిండాయి. రోజూ ఫోన్ చేసేది.

"ఎప్పుడొస్తావమ్మా?"

"వస్తానే. తాతయ్య పడుకోగానే వస్తా."

చివరికి ఒకరోజు అల్లుడు ఫోన్ చేశాడు. ఆడపిల్ల పుట్టింది. పిల్ల బాగానే ఉంది, తల్లికి మాత్రం జ్వరం తగ్గడం లేదు, అమ్మ కావాలంటోంది. పరుపులమ్మాయి ఫోన్ పెట్టేసి, మళ్ళీ బెత్తం అందుకుని, దూదిని కొడుతూనే ఉండిపోయింది. దుకాణమంతా తెల్లటి నూగు లేచింది.

"చాల్లే, ఆపు," అన్నాడు పరుపులాయన. "ఆ పై వీధి గురువుని పిలిపించు. ఆ మాటేదో అనేస్తాను."

"నాన్నా, నువ్వు..."

"ప్రాణమే పోయింది, ఒక మాట పోతే ఏమైంది? పిలిపించు."

మేనత్త ఎగిరి గంతేసినంత పని చేసింది. ఆవిడ పై వీధి మందిరం మనిషి. తన అన్నయ్య ఇలా ఉండిపోవడం ఆవిడకి బతికుండగానే నరకం. ఆ సాయంత్రమే గురువుని, ఇద్దరు సాక్షుల్ని వెంటబెట్టుకొచ్చింది.

గురువు మంచివాడే. లోపలికి రాగానే ఆ చల్లటి చేతులు రెండూ పట్టుకున్నాడు. "మీరు కుట్టిన పరుపు వల్లే ఇవాళ నా నడుం నిలబడుతోంది. మీకిలా జరగడం నాకూ బాధగానే ఉందయ్యా," అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు.

పరుపులాయన స్టూలు మీంచి లేచాడు. తల వంచాడు. "పొరబడ్డాను. తప్పు నాదే. నన్ను చేర్చుకోండి," అన్నాడు.

మేనత్త కళ్ళు ఒత్తుకుంది. తండ్రి తల వంచడం పరుపులమ్మాయి ఎన్నడూ చూడలేదు. దబ్బనం గోటి కిందికి దిగినట్టయింది. అయినా, హమ్మయ్య, అయిపోయింది అనుకుంది. రేపటి లాంచీ అందుకోవచ్చు.

"ఇక ఇంట్లోవాళ్ళ పేర్లు చెప్పమ్మా," అన్నాడు గురువు.

"ఎందుకండీ?"

"ఒక్కడి కోసం గేటు తీస్తే, రేపు ప్రతివాడూ చచ్చేదాకా ఆగి అప్పుడొస్తాడు. ఇల్లంతా రావాలి."

"ఇల్లంటే నేనే కదా. రాసుకోండి."

"మీ అమ్మాయి, అల్లుడు, పుట్టిన పాప కూడా."

"వాళ్ళది వేరే ఊరండీ."

"మన మందిరాలు లేని ఊరేదమ్మా? పాపకే మంచిది. రేపు బళ్ళో చేర్చాలన్నా, ఉద్యోగం కావాలన్నా, ముందు అడిగేది ఇదే. పాప పేరేమిటి?"

"ఇంకా పెట్టలేదు."

"పరవాలేదు," అన్నాడు గురువు, ఎంతో ఆప్యాయంగా. "మేమే పెడతాం."

పరుపులమ్మాయి తండ్రి వైపు చూసింది. ఆయన తల ఇంకా వంచే ఉంది. తను కూడా మొహం చూడని పిల్ల. ఇంకా కళ్ళు సరిగ్గా తెరిచి ఉండదు. ఆ పిల్లని ఇక్కడ, ఈ గదిలో, ఈ ముసలాయన నిద్ర కోసం రాసిచ్చెయ్యాలి. నోటిదాకా వచ్చిన 'సరే' అక్కడే ఆగిపోయింది.

"గురువుగారూ, మీకు ఆలస్యమవుతోంది," అంది.

వాళ్ళు వెళ్ళగానే మేనత్త విరుచుకుపడింది. "చేతికందింది నేలపాలు చేశావు కదే! అక్కడ కన్నకూతురు జ్వరంతో మూలుగుతోంది, ఇక్కడ కన్నతండ్రి ఇలా. ఎవరి కోసమే నీ పంతం?"

"తెలీదత్తయ్యా," అంది ఆవిడ నిజంగానే. పరుపులాయన మాత్రం చాలాసేపటికి తల ఎత్తి కూతురి మొహంలోకి చూశాడు.

మర్నాడు ఉదయం ఊపిరాడక వీధి చివరిదాకా నడిచింది. అక్కడితో దారి ఆగిపోయింది. మునిసిపాలిటీ తన ఆవరణలోనే ఉద్యోగుల కోసం ప్రార్థన మందిరం కట్టిస్తోంది. పునాదులు తవ్విన మట్టి దారికి అడ్డంగా గుట్టపోసి ఉంది. దాటబోతే కాలు మడమదాకా దిగింది. చల్లగా, మెత్తగా ఉంది. కాలు వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు.

"ఈ మట్టి ఏం చేస్తారు?" అనడిగింది కాపలావాణ్ణి.

"ఎక్కడ పొయ్యాలో తెలీక చస్తున్నాం. కావాలంటే తీసుకుపొండి, పుణ్యముంటుంది."

ఇంటికెళ్ళి, దుకాణంలో ఉన్నవాటిలోకి దళసరి చారల గుడ్డ తీసి కత్తిరించింది. గొయ్యి తవ్వడం నేరమన్నాడు ఆఫీసరు. పరుపు కుట్టడం నేరమని ఎవరూ అనలేదు.

తోపుడు బండి మీద మట్టి తెచ్చి దుకాణం మధ్య పోసింది. తండ్రి కేకలు వేసే వ్యవధి లేకుండా పరుగున వెళ్ళి, పరుగున వచ్చింది. మేనత్త గుమ్మంలో నిలబడి చూసింది. "ఏమిటే ఇది?" అంది. కాసేపటికి సంగతి అర్థమై నోరు మూసుకుంది. ఇంకాసేపటికి లోపలికి వచ్చి, చాప వేసుకుని కూర్చుని, మట్టిలోంచి రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది. "గుచ్చుకుంటాయి," అంది ఎవరివైపూ చూడకుండా.

దూది కూరినట్టే మట్టి కూరారు. పరుపులాయన చుట్టూ తిరుగుతూ పని చేయించాడు. "మూలల్లోకి తొయ్యి. మూల బోలుగా ఉంటే పరుపు కుంటుతుంది. అదేం కుట్టమ్మాయ్, కోడి గీరినట్టు? దగ్గరగా వెయ్యి." పైన కప్పడానికి పల్చగా ఇంకోటి, బొంతలాగా. ఆవిడ అరచేతులు బొబ్బలెక్కాయి. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి వచ్చేసరికి రెండూ సిద్ధమయ్యాయి.

ఆయన అంచున కూర్చుని, చేత్తో నొక్కి చూసి, పడుకున్నాడు.

"తలవైపు కాస్త ఎత్తుందమ్మా."

ఆవిడ పిడికిలితో సాపు చేసింది.

"ఆఁ, ఇప్పుడు బాగుంది." ఒళ్ళంతా ఒక్కసారి వదులుగా పడింది. "అబ్బ! అమ్మాయ్, నువ్వు నాకంటే బాగా కుడుతున్నావు."

"ఇన్నాళ్ళకా చెప్పడం?"

"బతికుండగా చెపితే నెత్తికెక్కుతావని." కళ్ళు మూసుకున్నాడు. "పసిదానికి పేరు తొందరపడి పెట్టకండి. దాని మొహం చూసి పెట్టండి."

"సరే నాన్నా. పడుకో."

ఇద్దరూ చెరో వైపు పట్టుకుని మట్టి బొంత కప్పారు. కాసేపు ఏమీ లేదు. తరవాత లోపలినుంచి గురక మొదలైంది, రంపం కోసినట్టు, ఒకప్పుడు పక్కింటివాళ్ళు గోడ మీద కొట్టి ఆపించుకున్న అదే గురక. మేనత్త పకపకా నవ్వి, ఆ నవ్వు మధ్యలోనే భోరున ఏడ్చింది. పొద్దువాలేసరికి గురక నెమ్మదించింది, ఆగిపోయింది. బొంత అంచు ఎత్తి చూస్తే మట్టి మీద మట్టి ఉంది. మనిషి లేడు.

తెల్లవారాక పరుపులమ్మాయి సంచీ సర్దుకుంది. అల్లుడు ఫోన్‌లో జ్వరం కొంచెం దిగిందన్నాడు. తలుపు తీయగానే గుమ్మంలో కింది వీధి రొట్టెలామె నిలబడి ఉంది. మొహం పీక్కుపోయి ఉంది. ఆమెది కింది వీధి మందిరం, మొగుడిది పై వీధిది. పెళ్ళి చేసుకున్నందుకు అప్పట్లో ఇద్దర్నీ వెలేశారు.

"మీ ఇంట్లో గురక వినబడిందని అన్నారు," అంది మెల్లిగా. "మా ఆయన వానాకాలం నుంచి పొయ్యి వెనక కూర్చుని ఉన్నాడు. ఎవరికీ చెప్పుకోలేదు. వీళ్ళు వాళ్ళనడగమంటారు, వాళ్ళు వీళ్ళనడగమంటారు." చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆమె వెనక, వీధికి అటు ఇటు, ఇంకో ఇద్దరు ముగ్గురు నిలబడి ఉన్నారు, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోకుండా.

రేవులో లాంచీ కూత వేసింది. పరుపులమ్మాయి చేతిలో సంచీ అలాగే ఉండిపోయింది. దించితే మళ్ళీ ఎప్పటికి ఎత్తుకుంటుందో తెలియదు.

అంతలో వెనకనుంచి మేనత్త ఆవిణ్ణి భుజంతో పక్కకి తోసి గుమ్మంలోకి వచ్చింది. పై వీధి మందిరంలో రోజూ ముందు వరసలో కూర్చునే మనిషి. మెళ్ళో కొలతల టేపు వేసుకుని ఉంది.

"నువ్వు పోవే, లాంచీ ఆగదు," అంది మేనకోడలితో. ఆవిడ మెట్లు దిగి, తడబడుతూ నాలుగడుగులు వేసి, ఆ తరవాత పరుగు లాంటి నడక అందుకుంది. వెనకనుంచి మేనత్త గొంతు వీధంతా వినబడింది.

"ముందు ఏడుపాపి చెప్పవమ్మా. మనిషి ఎంత పొడుగు?"