సత్యకుమారి విస్తరి

“అక్కకి ఏమేం ఇష్టమో చెప్పండి బావగారూ, రాసుకుంటాను. పొద్దున్నే వంట మొదలెట్టాలి” అంది రామలక్ష్మి. నా భార్య సత్యకుమారికి ఒక్కగానొక్క చెల్లెలు. అక్క సంవత్సరీకానికని పిఠాపురం నుంచి ముందురోజే వచ్చింది.

మాలో సంవత్సరీకం నాడు పోయినవాళ్ళకి ఇష్టమైనవన్నీ వండి, ఫొటో ముందు అరిటాకులో వడ్డించి, కాసేపు తలుపు మూసి బయటికి వచ్చేస్తారు. వాళ్ళు వచ్చి తిని వెళతారని నమ్మకం. ఇష్టమైనవి పెట్టకపోతే ఆకలితోనే తిరిగి వెళ్ళిపోతారని మా అమ్మ పాపాయమ్మ చెప్పేది. నాకు అలాంటివాటి మీద పెద్ద గురి లేదు. కానీ పిల్లలు లేని ఇంట్లో, క్యారేజీ భోజనం విప్పుకుంటూ ఏడాదిగా ఒంటరిగా కూర్చున్నాక, ఈ ఒక్క విస్తరి మాత్రం సరిగ్గా ఉండాలని పట్టుదల వచ్చింది.

“ఏమేం ఇష్టమేంటి, అన్నీ ఇష్టమే! గోంగూర రొయ్యలు, ఆవ పెట్టిన పనసపొట్టు, చింతకాయ వేసిన చేపల పులుసు, మాగాయ...” గడగడా చెప్పేశాను.

రామలక్ష్మి చేతిలో పెన్ను కదల్లేదు. “అవి మీకిష్టమైనవి బావగారూ” అంది.

నాకు ఒళ్ళు మండింది. ముప్పై నాలుగేళ్ళు కాపురం చేసింది నేనా, ఏడాదికోసారి చుట్టపుచూపుగా వచ్చిపోయే ఈవిడా? “అయితే నువ్వే చెప్పు!” అని గట్టిగా అరిచాను.

“నాకేం తెలుసండి? పుట్టింట్లో అన్నీ తినేది. ముక్కు జబ్బు వచ్చాక అక్కకి ఏది పడేదో, ఏం తినేదో మీకే తెలియాలి.”

చెప్పడానికి ఒక్క కూర పేరు కూడా రాలేదు.

పెళ్ళయిన పదిహేనో ఏట సత్యకుమారికి ముక్కు దిబ్బడ పట్టుకుని వదల్లేదు. రాజమండ్రిలో చూపిస్తే ముక్కు లోపల కండ పెరిగిందన్నారు. పాలిప్స్ అంటారట. ఆపరేషన్ చేసి తీశారు, రెండేళ్ళకి మళ్ళీ పెరిగాయి. వాసన పూర్తిగా పోయింది. తర్వాత ఆయాసం మొదలైంది. ఒకరోజు పన్ను నొప్పి అంటే మందుల షాపులో నొప్పి మాత్ర తెచ్చి నేనే వేశాను. అరగంటలో మొహం ఎర్రబడి, ఊపిరందక గోడ పట్టుకుని నిలబడిపోయింది. కారు మాట్లాడుకుని ఆసుపత్రికి పరుగెత్తాం. దేవుడి దయవల్ల బతికి బయటపడింది.

అక్కడి డాక్టరమ్మ నన్ను నిలబెట్టి చెప్పింది. “పాలిప్స్, ఆయాసం రెండూ ఉన్నవాళ్ళలో కొంతమందికి ఇలాంటి నొప్పి మాత్రలు అస్సలు పడవండి. ప్రాణం మీదికి వస్తుంది. ఎక్కడ చూపించుకున్నా ముందు ఈ మాట చెప్పండి. కొంతమందికి కొన్ని తిండి పదార్థాలు కూడా పడవు. అందరికీ ఒకటే అని ఉండదు. ఏది తింటే ఇబ్బందవుతోందో ఆవిడ్నే గమనించుకోనివ్వండి.”

మాత్ర సంగతి ఒప్పుకున్నాను, కళ్ళారా చూశాను గనక. తిండి మాట మాత్రం బుర్రకెక్కలేదు. గోదావరి నీళ్ళు తాగి పెరిగిన మనిషికి ఆవ పడదంటే నలుగురూ నవ్వరూ? “ఆవ తింటే ఊపిరాడట్లేదండి, నిలవ పచ్చళ్ళు పడట్లేదండి” అని ఆవిడ మెల్లిగా చెప్పినప్పుడల్లా “నీ చాదస్తంతో చంపకే బాబూ” అని విసుక్కునేవాణ్ణి.

ఆ రోజుల్లోనే తణుకులో మా చెల్లెలి కూతురు పెళ్ళయింది. ఎదురు బంతిలో కూర్చున్న సత్యకుమారి వడ్డనవాళ్ళు తెచ్చినవన్నీ వద్దంటూ, ఉత్త పెరుగన్నం పెట్టించుకుంటోంది. మా చెల్లెలు చూడనే చూసింది. “ఏంటొదినా, మా ఇంటి వంట నోటికి సయించలేదా?” అంది. మా వైపు విస్తట్లో వడ్డించేది వద్దనడమంటే పిలిచినవాళ్ళ మొహం మీద కొట్టడమే. నాకు తల కొట్టేసినట్టయింది. లేచి వెళ్ళి, వడ్డించేవాడి చేతిలో గరిటె లాక్కుని, ఆవ పెట్టిన పనసపొట్టు కూర ఆవిడ విస్తట్లో నేనే వేశాను. “తిను” అన్నాను, అందరి ముందూ.

మారుమాట్లాడకుండా తింది. తిరిగి వచ్చేటప్పుడు కారు అద్దం దించుకుని, ఊరొచ్చేదాకా పిల్లికూతల్తో ఊపిరి లాగుతూ కూర్చుంది. ఇన్‌హేలర్ తీసి రెండుసార్లు పీల్చింది. నేను ముందు సీట్లో రోడ్డు వంకే చూస్తూ కూర్చున్నాను. తప్పు చేశానని తెలుసు.

ఆ తర్వాత ఆవిడ తిండి ఊసు ఎత్తలేదు. పెళ్ళిళ్ళకి రావడం మానేసింది. పోనీలే, తగ్గిపోయింది కాబోలు అనుకున్నాను. మా ఇంట్లో మగాళ్ళు తిని లేచాకే ఆడవాళ్ళు తినడం. మా నాన్న అలాగే తిన్నాడు, నేనూ అలాగే తిన్నాను. పులుసూ రొయ్యలూ లాగించి, చెయ్యి కడుక్కుని, వెళ్ళి కునుకు తీసేవాణ్ణి. ఆవిడ కంచంలో ఏముందో నేను చూసిన పాపాన పోలేదు. పోయినేడు శ్రావణంలో నిద్రలోనే గుండె ఆగి పోయింది.

ఇప్పుడు ఎవరినడగాలి? పరువు పోతే పోయిందని పక్కింటి వీరవేణి దగ్గరికి వెళ్ళాను. ఆ అమ్మాయి బట్టలు కుడుతుంది. మధ్యాహ్నాలు వాళ్ళ అరుగు మీదే సత్యకుమారి కూర్చునేది.

“పిన్నిగారు గిన్నె ఇక్కడికే తెచ్చుకునేవారండి బాబాయిగారూ. ఆనపకాయ ముక్కలూ పెసరపప్పూ ఉప్పేసి ఉడకబెట్టుకునేవారు. తర్వాత మజ్జిగన్నం. అంతేనండి. పదేళ్ళ నుంచీ అదే.”

“సొంతిల్లు పెట్టుకుని, ఇక్కడికొచ్చి తినడమేంటమ్మా?”

వీరవేణి మిషన్ ఆపింది. “మీరు లేచి చూస్తే కోప్పడతారనండి. ‘ఒక్కసారి ఆయన పక్కన కూచుని ఇదే తినాలనుందే వేణీ, ఏమీ అనకుండా తిననిస్తే బాగుణ్ణు’ అనేవారు.”

అడగందే అమ్మైనా పెట్టదంటారు. పక్కింటి అమ్మాయికి చెప్పుకుంది గానీ నన్ను అడగడానికి నా భార్యకి ధైర్యం చాల్లేదు. అంత భయపెట్టాను నేను.

మర్నాడు రామలక్ష్మి అవే వండింది. విస్తట్లో వడ్డించి, “ఇంతేనా బావగారూ? చూసినవాళ్ళు ఏమనుకుంటారండి?” అంది.

“ఏమైనా అనుకోనీ” అని, ఫొటో ముందున్న ఆకు పక్కనే ఇంకో ఆకు వేసుకుని కూర్చున్నాను.

“అయ్యో, మీరు బయటికి రావాలండి! బతికున్నవాళ్ళు లోపల ఉండకూడదు.”

“నేనిక్కడే తింటాను. నాకూ అదే వడ్డించి తలుపెయ్యమ్మా.”

రామలక్ష్మి కళ్ళు తుడుచుకుంటూ వడ్డించింది. తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది.

కారం లేదు, పోపు లేదు, చప్పిడి ముద్ద. నోటికి సయించలేదు. పదేళ్ళు ఇదెలా తిన్నావే సత్యం అనుకుంటే ఏడుపొచ్చింది. ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు? మెతుకు మిగల్చకుండా, ఏమీ అనకుండా తిన్నాను. పక్క ఆకులో అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది.

లేవబోతూ ఫొటో వంక చూసి, అలవాటు కొద్దీ, “నువ్వు తిన్నావా?” అన్నాను.

అలవాటు కొద్దీ అని పేరుకి అంటున్నాను గానీ, అబద్ధం. ఆ మాట ఆవిణ్ణి నేనెప్పుడూ అడగలేదు.